లెక్క కలవని ఆరడుగులు

ఇల్లు కొలవడమంటే

ముప్పై రెండేళ్లు ఇళ్లు కొలిచి బతికాను. మాది చిన్న ప్రైవేటు ఆఫీసు. ఎవరైనా అడిగితే వెళ్లి, ఉన్న ఇంటిని ఉన్నట్టుగా కొలిచి, ప్లాను గీసి ఇవ్వడం మా పని. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కనబడితే అడిగేది ఒకటే మాట. "సార్, లేజర్ మిషన్ వచ్చింది కదా, ఇంకా నేర్చుకునేదేముంది?" మిషన్ ఈ గోడకూ ఆ గోడకూ మధ్య దూరం చెబుతుంది. గోడ లోపల ఏముందో చెప్పదు. ఆ సంగతి నాకు నలభై అయిదేళ్ల వయసులో, సిగ్గుపడే పద్ధతిలో తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండే, ఆ రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద నిలబడి చూస్తే ఊరంతా ఒక్క రోజే పుట్టిందేమో అనిపిస్తుంది. షట్టర్లు, ఫ్లెక్సీలు, బస్సుల పొగ. రెండు సందులు లోపలికి నడవండి. పాత ఊరి వీధి వస్తుంది. మొదట మట్టీ రాయీ కలిపి కట్టిన ఇల్లు, టేకు స్తంభాలు, ఎత్తు అరుగు. దాని పక్కన డంగు సున్నంతో కట్టిన ఇల్లు, తలుపుల మీద కమాను, లోపల షాబాదు బండలు. ఆ పక్కనే గుండ్రటి బాల్కనీ, మొజాయిక్ గచ్చు, ఉదయించే సూర్యుడి బొమ్మ ఉన్న ఇనుప గ్రిల్లు. ఇంకొంచెం పోతే నిన్నగాక మొన్న లేచిన నాలుగంతస్తుల అద్దాల ఇల్లు, వాస్తు పేరు చెప్పి ముఖం పక్కకు తిప్పుకుని ఉంటుంది. నాచారం వైపు వెళ్తే ఫ్యాక్టరీ ఆఫీసర్ల కోసం కట్టిన పాత బంగళాలు, వాటి చుట్టూ జిల్లాల నుంచి పనికి వచ్చినవాళ్ల రేకుల ఇళ్లు. ఇటుక సైజు చూసి తాత కట్టిందా, తండ్రి కట్టిందా చెప్పేవాణ్ణి. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

కానీ ఒకటి చెప్పాలి. ఆ వీధుల్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక నిశ్శబ్దం ఉంటుంది. మనం టేపు పట్టుకుని ఒక గది నుంచి ఇంకో గదికి పోతుంటే, మన వెనకాల గది మనల్ని చూస్తున్నట్టుంటుంది. పాత ఇళ్లలో ప్రతిదానికీ చూపించని గది ఒకటుంటుంది. ఇంటివాళ్లు అన్నీ చూపించి, దాని దగ్గరకు వచ్చేసరికి చాయ్ తాగుతారా అని అడుగుతారు.

నాచారంలో ఒక బంగళాలో, ఉత్తి గోడకు పూల కర్టెన్ వేలాడుతుండేది. అంతకుముందు అక్కడ కిటికీ ఉండేదట. పక్కవాళ్లు ఆనించి కట్టుకోవడంతో పూడ్చేశారు. ఆ ఇంటావిడ పొద్దున్నే వచ్చి ఆ కర్టెన్ పక్కకు లాగి, సాయంత్రం మళ్లీ మూసేది. నా ముందే లాగి, గోడ వంక కాసేపు చూసి, "ఇయ్యాల మబ్బుగుంది" అంది. నేను తల ఊపి, కిటికీ లేదని రాసుకుని వచ్చేశాను. ఇట్లాంటివి చాలా చూశాను. భయపడింది మాత్రం ఒక్కచోటే.

ఖాదర్ సాబ్

మా ఆఫీసులో పెద్దాయన ఖాదర్ సాబ్. చెవి మీద ఎర్ర పెన్సిలు, నోట్లో వక్కపలుకు. చాయ్ తాగక ముందు నవ్వడు. మేము గీసిన ప్రతి ప్లానూ ఆయన చూసి సంతకం పెట్టాకే బయటికి పోవాలి. ఆయన దగ్గర నేర్చుకున్నది కాలేజీలో దొరకదు.

"చూడు మియా, పాత ఇల్లు అంగుళం తేడా లేకుండ కలిసిందంటే, కొలిచినోడు దొంగ" అనేవాడు. దీనికి అర్థం చెబుతాను. ఇంటిని బయట నుంచి ఒకసారి కొలుస్తాం, లోపల గదుల్ని, గోడల్ని విడివిడిగా కొలిచి కూడతాం. రెండూ సమానం కావాలి. పాత ఇళ్లలో గోడలు వంకర కాబట్టి రెండు మూడంగుళాలు తేడా వస్తుంది. ఆ చిన్న తేడాను తలా కొంచెం గదులకు పంచేస్తాం. ఇది అందరూ చేసేదే, తప్పేమీ కాదు. తేడా పెద్దదైతే మాత్రం మళ్లీ వెళ్లి కొలవాలి. అది తప్పించుకోవడమే మా వృత్తిలో పెద్ద పాపం. ఆ పాపం నేను చేశాను.

రెండు ఇళ్లు, ఒక గోడ

మెట్రో పిల్లర్లకు గుంతలు తవ్వుతున్న రోజులవి. పాత ఊరి వీధిలో కొసన ఉన్న ఇళ్లకు ముందు భాగం పన్నెండడుగులు రోడ్డుకు పోతుందన్నారు. కొట్టేశాక మిగిలేది నిలబడుతుందా లేదా తేల్చడానికి ప్లాన్లు కావాలి. మాకు పని వచ్చింది.

అందులో ఒక జాగాలో రెండు ఇళ్లు ఆనుకుని ఉన్నాయి. ఒకప్పుడు ఒకటే ఇల్లు, అన్నదమ్ములు పంచుకున్నారు. అన్న వాటాలో పాత మట్టి ఇల్లు అట్లాగే ఉంది, పెంకుల కప్పు, స్తంభాలు, అరుగు. తమ్ముడు తన సగం పడగొట్టి, మొజాయిక్ గచ్చుతో, గుండ్రటి బాల్కనీతో స్లాబు ఇల్లు కట్టాడు. అన్నదమ్ములిద్దరూ పోయారు. మట్టి ఇంట్లో అన్న భార్య రాజమణమ్మ ఒక్కతే ఉండేది. అరవై దాటింది, పిల్లలు లేరు, మోకాళ్లు పట్టేసేదాకా నాచారం ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసింది. స్లాబు ఇంట్లో తమ్ముడి భార్య సులోచనమ్మ. కొడుకు డ్యూటీకి పోతే పగలంతా ఆమె కూడా ఒంటరే. తోడికోడళ్లకు మాటల్లేక ముప్పై ఏళ్లు దాటింది. నీళ్ల కాడ ఎదురుపడినా కొంగు సర్దుకుని తల తిప్పుకునేవారు.

పొద్దున సులోచనమ్మ ఇల్లు కొలిచాను. రాజమణమ్మ వైపున్న గోడకు రొమ్ము ఎత్తులో, అరచేయంత మేర సున్నం అరిగి నల్లబడి ఉంది. "ఇదేందమ్మా?" అన్నాను. "అది గట్లనే ఉంటది సారు" అని పైన క్యాలెండర్ జరిపి కప్పేసింది.

మధ్యాహ్నం మూడింటికి రాజమణమ్మ ఇంట్లోకి వెళ్లాను. ఇవతలి వైపు గోడకు కూడా సరిగ్గా అదే ఎత్తులో, అంతే మచ్చ. గోడ గట్టిదా, డొల్లా తెలుసుకోవడానికి మేము తూకం గుండుతో తట్టి వింటాం. మూడుసార్లు తట్టాను. డొల్లగా మోగింది. నేను గుండు దించేలోపల, గోడ లోపలి నుంచి మూడుసార్లు వినబడింది. ఠక్, ఠక్, ఠక్.

నా చేతిలో టేపు జారి కింద పడింది. రాజమణమ్మ వంటింట్లోంచి తాపీగా వచ్చింది.

"భయపడకున్రి సారు. మా అత్తమ్మ. ఈ యాళ్లకు పలుకరిస్తది."

"అత్తమ్మంటే... ఎక్కడమ్మా?"

"చచ్చిపోయి ముప్పై ఏండ్లు దాటె" అంటూ ఆమె వచ్చి మెటికలతో గోడ మీద రెండుసార్లు తట్టింది. మళ్లీ రెండు జవాబు వచ్చాయి. ఆ ముఖంలో ఎంత నిమ్మళమో! "పదమూడేండ్లప్పుడు ఈ ఇంటికి కోడలుగ వచ్చిన. జడేసుడు కాడినుంచి గంజి వంచుడు దాంక ఆమెనే నేర్పింది. అమ్మకన్న ఎక్కువ. ఇప్పుడు నాకు ఈ పలుకరింపొక్కటే మిగిలింది సారు. రోడ్డోళ్లు ఈ గోడ జోలికి రారు కద?"

"రారమ్మా. గోడ మంచి లావుంది. మిగిలిన ఇల్లు నిలబడుతుంది" అన్నాను. లావెంతో నాకు తెలియదు. గది మూల నుంచి మూలకు కొలవకుండానే, చెప్పులు సగం వేసుకుని బయటపడ్డాను.

నేను చేసిన తప్పు

ఆఫీసుకు వచ్చి కూడితే లెక్క కలవలేదు. వీధి వైపు బయటి కొలత అరవై అడుగులు. లోపల రెండిళ్లూ కలిపితే యాభై రెండున్నర కూడా రాలేదు. దాదాపు ఎనిమిది అడుగులు ఎటుపోయిందో తెలియదు. చిన్నపిల్లవాడికైనా అర్థమయ్యేదే, ఆ రెండు మచ్చల మధ్య ఒక గది ఉంది. నాకూ అర్థమైంది. కానీ మళ్లీ ఆ ఇంటికి పోవాలి, ఆ గోడ తట్టాలి. పోలేకపోయాను.

మధ్య గోడను మూడడుగుల మట్టిగోడ అని రాశాను. మట్టిగోడలు లావుంటాయి కదా, ఎవరు అడుగుతారు? మిగిలిన దాన్ని ఆరు గదులకు తలా తొమ్మిది పదంగుళాలు పంచేశాను. అరవై అడుగులకు అరవై అడుగులూ కలిసింది.

ఖాదర్ సాబ్ ప్లాను చూసి పెన్సిలు తీశాడు. "గింత సాఫ్‌గ కలిసిందేంది? మూడడుగుల గోడనా? గోల్కొండ కిల్లా కొలిచినవా ఏంది మియా? పోయి మళ్ల కొలువు."

రెండు రోజులాగి, "కొలిచాను సాబ్, అంతే ఉంది" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, నమ్మి, సంతకం పెట్టాడు. ఆ సంతకం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది. ఆ ప్లానునే నమ్మి రోడ్డు పని ఇంజనీరు, ముందు భాగం కొట్టినా పెంకుల కప్పు దూలం మూడడుగుల గోడ మీద ఆగుతుంది, కింద ఆసరా అక్కర్లేదు అని తేల్చాడు.

గీత

కొట్టే రోజు నన్నే పంపారు, ఎక్కడిదాకా కొట్టాలో ఎర్ర రంగుతో గీత గీయడానికి. పొద్దుటి నుంచి జేసీబీ అరుగును, స్తంభాలను లాగేసింది. టేకు స్తంభం విరిగిన చప్పుడుకు వీధివాళ్లంతా బయటికి వచ్చారు. రాజమణమ్మ సామానంతా లోపలి గదిలో పేర్చుకుంది. ఆ సాయంత్రం అక్కడే వండుకుని, ఆ గోడ పక్కనే పడుకుంటానంది. ఇక మిగిలింది వీధి వైపు ముందు గోడ ఒక్కటే.

మూడు గంటలకు మనుషులు చాయ్‌కి ఆగారు. మిషన్ ఆపేశారు. నేను ఒక్కణ్ణే లోపల గీత సరిచూస్తున్నాను. తలుపు లేని వాకిట్లోంచి వీధి కనబడుతోంది. రాజమణమ్మ ఎదురింటి మెట్టు మీద కూర్చుని ఉంది. సులోచనమ్మ తన గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ నా కళ్లెదురుగానే ఉన్నారు.

గోడలోంచి మూడుసార్లు వినబడింది.

నేను కదల్లేదు. మళ్లీ మూడు. ఆ తర్వాత ఆగకుండా, లెక్కపెట్టడానికి వీల్లేనంత గబగబా, ఎవరో రెండు చేతులతో కొడుతున్నట్టు. బయటికి ఉరికి మిషన్ ముందు నిలబడి అరిచాను, "కొట్టకండి! గోడ డొల్ల! నేను రాసింది అబద్ధం!"

ఇంజనీరు ఉరిమాడు. "ఏమంటున్నరు మీరు? ప్లాను మీదే కదా?"

"నాదే. నేను కొలవలేదు. భయపడి కొలవలేదు."

అంతమంది ముందు ఆ మాట అనడానికి నాకు నోరు ఎట్లా వచ్చిందో తెలియదు. అన్నాక మాత్రం నెల రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాను.

అర్ర

కబురు అంది ఖాదర్ సాబ్ స్కూటర్ మీద వచ్చాడు. గడ్డపారతో గోడకు మనిషి దూరేంత బొక్క చేయించాడు. లోపల చీకటి. మూడడుగులన్న గోడ తొమ్మిదంగుళాలే, అదీ చెదలు తిని ముందుకు ఉబ్బి ఉంది. ముందు గోడ ఊడితే ఆ రాత్రికే దూలం, కప్పు కిందికి వచ్చేవి. రాజమణమ్మ ఆ కిందే పడుకునేది.

అప్పుడు ఆమె చెప్పింది. ఆమె అత్త చనిపోయింది ధనిష్ఠా పంచకంలో. కొన్ని నక్షత్రాల్లో చావు జరిగితే ఆ గదిని ఆరు నెలలు పాడుపెట్టాలని మనవాళ్ల పట్టింపు. తలుపుకు తుమ్మకంప కొట్టి మూసేశారు. ఆరు నెలలయ్యాక ముందు తెరిచినవాళ్లకు దోషం తగులుతుందన్నారెవరో. అన్న తమ్ముణ్ణి తెరవమన్నాడు, తమ్ముడు అన్నను తెరవమన్నాడు. ఆ తగాదా పెరిగి ఇల్లు రెండైంది. ఎవరి వైపు తలుపు వాళ్లు గోడ కట్టి పూడ్చేశారు. ఆరు నెలలన్నది ముప్పై ఏళ్లు దాటింది.

ఇది విన్న కూలీలు గడ్డపారలు కింద పెట్టి వెనక్కి జరిగారు. ఖాదర్ సాబ్ చెప్పులు విడిచాడు. "మీ నక్షత్రాల రిజిస్టర్ల నా పేరు లేదు. నాకేం ఫికర్?" అంటూ బిస్మిల్లా చెప్పి బొక్కలోంచి లోపలికి దూరాడు. లోపల్నుంచి ఆయన గొంతు వచ్చింది. "రా మియా. టేపు ఒక్కనితోని కాదు. ఆ కొస పట్టుకో."

వెళ్లాను. నులక ఊడిన మంచం, బోర్లించిన సత్తు గిన్నె, పొడిపొడి అయిన తుమ్మకంప. నేల మీద దుమ్ము సమంగా పరుచుకుని ఉంది, ఒక్క అడుగు గుర్తు లేదు. రెండు వైపుల గోడలకూ, రొమ్ము ఎత్తులో, అరచేయంత మేర మట్టి ఊడి ఉంది. లోపలి వైపున.

"బయట కొడ్తుంటే లోపట మట్టి రాలుతది" అన్నాడు ఖాదర్ సాబ్, నేను అడగకముందే. "ఇయ్యాల నువ్విన్నది గుడ గదే. స్తంభాలు తీసినంక గోడ వదులైంది, పెళ్లలు రాలినయ్." అని కాసేపు ఆ మచ్చనే చూశాడు. "రాసుకో. ఆరడుగుల నాలుగంగుళాలు."

ప్లానులో ప్రతి గదిలోనూ పేరు రాయాలి. ఏం రాయమంటారని బయటికి వచ్చి అడిగాను. రాజమణమ్మ కళ్లు తుడుచుకుని, "అత్తమ్మ అర్ర అని రాయున్రి" అంది. అంతదాకా గేటు దగ్గరే ఉన్న సులోచనమ్మ రెండడుగులు ముందుకు వచ్చి, "అవు, గట్లనే రాయున్రి" అంది. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

సెంట్రింగ్ కర్రలు పెట్టి, ఇటుక గోడ కట్టి, ముందు భాగం తీశారు. మిగిలిన ఇల్లు నిలబడింది. ఖాదర్ సాబ్ ఆరు నెలలు నా చేతికి టేపు ఇవ్వలేదు. అది ఆయన దయ, ఉద్యోగమే పోవాల్సింది.

చివరిసారి

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది, వీధంతా గులాబీ తోరణాలు ఇంకా వేలాడుతుండగా అటు వెళ్లాను. మెట్రో పిల్లర్లు ఆకాశంలోకి లేచాయి. రాజమణమ్మ ఇల్లు రెండు గదులే, కానీ అత్తమ్మ అర్రకు రెండు వైపులా తలుపులు పెట్టించుకున్నారు. మధ్యాహ్నం తోడికోడళ్లిద్దరూ అక్కడే చాప వేసుకుని తింటున్నారట. నన్నూ కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఇవతలి పాత గోడ ముక్క కొంచెం, ఆ మచ్చతో సహా, అట్లాగే ఉంచారు.

నాకు తెలివితేటలు చూపించాలనిపించింది. "చూశారా అమ్మా, ఇన్నేళ్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు, తెలియలేదంతే. ఈమె కొడితే ఆమె, ఆమె కొడితే ఈమె."

ఇద్దరూ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నేను జవాబే ఇచ్చేదాన్ని సారు" అంది సులోచనమ్మ. "అటు నుంచి వినవడితెనే కొట్టేది. ముందుగాల ఎన్నడు కొట్టలే."

"నేను గుడ గంతే" అంది రాజమణమ్మ మెల్లగా. "అత్తమ్మ పెద్దమనిషి. ఆమె పలుకరిస్తెనే నేను పలుకాలె గని, నేను ముందు కొడ్తనా?"

చాయ్ చల్లారిపోయింది. గోడ మీద గడియారంలో మూడు దాటింది.

"మరి ఇప్పుడు?" అన్నాను.

"తలుపులు పెట్టినంక ఆ సప్పుడు రాలే సారు" అంది రాజమణమ్మ. "ఒక్కనాడు గుడ రాలే. ఈ యాళ్లకు అన్నం తిని ఇట్లనే కూసుంటం, ఇద్దరం. చెవులు గోడకేసుకొని."

ఆమెను ఊరడించాలనో, నాకే తెలుసుకోవాలనో, పాత అలవాటు కొద్దీ గోడ మచ్చ మీదికి మెటికలు ఎత్తాను. రాజమణమ్మ గభాలున నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు సారు. దండం పెడ్త. మీరు కొట్టినంక జవాబు రాకపోతె నేనేం గావాలె?"

నేను చెయ్యి దించేశాను.